ఆరిపోయిన శిలువను ఏం చేద్దాం?

 

పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక పెద్దల కూటంలో ఒక మాట వచ్చింది. మందిరం వెనక రేకుల షెడ్డులో వరదలయినప్పటినుంచీ పడి ఉన్న పాత లైటు శిలువను పాత ఇనుప సామాన్లవాడికి వేసేద్దామని. చట్రం బరువుకు నాలుగు డబ్బులొస్తాయి, షెడ్డు ఖాళీ అయితే క్రిస్మస్‌కి వంట గిన్నెలు పెట్టుకోవచ్చు. ఆ మాట అన్నది ఒక యవ్వనస్థుడు. మంచి పిల్లవాడు, మందిరం పని అంటే ముందుంటాడు. అందులో తప్పేమీ లేదు. నేను మాత్రం "వచ్చేవారం చూద్దాం" అని లేచిపోయాను. ఎందుకు లేచిపోయానో అక్కడే చెప్పి ఉండాల్సింది. కానీ మన కూటాల సంగతి మీకు తెలుసు కదా, మాట అసలు సంగతిలోకి వచ్చేసరికి ఎవరో ఒకరు టీ పట్టుకొస్తారు. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ శిలువ ఎలా వచ్చిందో చిన్నవాళ్ల కోసం చెప్పాలి. 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుఫాను కోనసీమను ఏం చేసిందో మన ఇళ్లలో ఇప్పటికీ చెప్పుకుంటారు. కొబ్బరితోటలు తలలు తెగి పడిపోయాయి, వెయ్యిమందికి పైగా చనిపోయారు. మన పెంకుటి మందిరం పైకప్పు కూడా ఆ రాత్రే పోయింది. రెండేళ్లు తాటాకు పందిట్లో ఆరాధన చేశాం. 1998లో స్లాబు వేసి, గోపురం కట్టినప్పుడు దాని మీద ఏం పెట్టాలన్న మాట వచ్చింది. అప్పుడు కువైట్‌లో ఇళ్లల్లో పని చేస్తున్న ఒక తల్లి కబురు పంపింది, "లైటు శిలువ నేను పెట్టిస్తానండి, రాత్రి ఏటి మీంచి కూడా కనపడాలి" అని. రాజమండ్రిలో గాజు గొట్టాలు వంచే ఒకాయన దగ్గర చేయించాం. ఎర్రటి నియాన్ లైటు. ఆ క్రిస్మస్ రాత్రి మొదటిసారి వెలిగించినప్పుడు పేటంతా బయటికొచ్చి తలెత్తి చూసింది. అవతలి లంకలో వాళ్లు గట్టు మీదికొచ్చి చూశారని తర్వాత తెలిసింది.

ఆ తల్లి ఒక షరతు పెట్టింది. తన పేరు ఎక్కడా రాయకూడదని. మన మందిరంలో ఫ్యాను రెక్కల మీద పేర్లున్నాయి, గోడ గడియారం మీద పేరుంది, చివరికి నీళ్ల కుండ మూత మీద కూడా ఒకరి పేరుంది. (తప్పు పట్టడం లేదు, ఇచ్చినవారి సంతోషం అది.) శిలువ మీద మాత్రం ఏ పేరూ లేదు. ఆమె ప్రభువునందు నిద్రించి చాలా ఏళ్లయింది. షెడ్డు ఖాళీ చేద్దామన్న కుర్రవాడు ఆమె మనవడే. అది వాళ్ల నాయనమ్మ పెట్టించిందని ఆ పిల్లవాడికి తెలియదు. ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

2022 జూలై వరదల్లో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వదిలినప్పుడు మన పేటలోకి ఏరు వచ్చింది. శిలువ పైనే ఉంది, దానికేమీ కాలేదు. కింద గోడకు పెట్టిన ట్రాన్స్‌ఫార్మర్ నీళ్లలో మునిగింది. ఆ తర్వాత మళ్లీ వెలగలేదు. తరువాతి ఏడాది చందాలేసి ఎల్ఈడీ బోర్డు కొన్నాం, శిలువను దింపాం. దింపేటప్పుడు అడ్డగొట్టం ఒకటి పగుళ్లిచ్చింది.

ఇది ఇలా ఉండగా, మన సంఘంలోని ఒక పెద్దాయన అమెరికాలో ఉన్న కూతురి దగ్గరికి వెళ్లి, అక్కడి నుంచి నాకు ఫొటోలు పంపారు. లాస్ వేగాస్ నుంచి. నేను ముందు కంగారు పడ్డాను, ఈయనకి అక్కడేం పనా అని. జూదానికి పేరుపడ్డ ఊరు కదా. కింద వాయిస్ మెసేజ్ ఉంది: "అయ్యగారూ, మన శిలువలాంటి లైట్లను ఇక్కడ మ్యూజియంలో పెట్టారండి. టిక్కెట్టు పెట్టి మరీ చూపిస్తున్నారు."

అప్పటినుంచి ఆ మ్యూజియం గురించి దొరికినంత చదివాను. నియాన్ మ్యూజియం అనే పేరుతో 1996లో ఒక సంస్థగా మొదలయింది. మన తుఫాను ఏడాదే. 2012లో ఆవరణ అంతా జనానికి తెరిచారు. హోటళ్లవీ, కాసినోలవీ, లాండ్రీలవీ పాతబడిన లైటు బోర్డులు, కొన్ని ఇంటి ఎత్తువి, ఆరుబయట దొడ్డిలో వరసగా నిలబెట్టి ఉంచారు. ఆ దొడ్డికి వాళ్లు పెట్టుకున్న పేరు వింటే ఏ బోధకుడైనా ఆగిపోతాడు. బోన్‌యార్డ్ అంటారట. ఎముకల దొడ్డి. నాకు వెంటనే యెహెజ్కేలు ముప్పై ఏడవ అధ్యాయం గుర్తొచ్చింది.

నియాన్ అంటే ఏమిటో కూడా కాస్త చెప్పనివ్వండి, నాకు చదువుతుంటే ఆశ్చర్యమేసింది. 1898లో లండన్‌లో రామ్సే, ట్రావర్స్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు గాలిని ద్రవంగా మారేంత చల్లబరిచి, అందులోని వాయువులను ఒక్కొక్కటిగా వేరుచేస్తుంటే ఇది బయటపడింది. గాలిలో ఇది ఎంత ఉంటుందంటే లక్ష పాళ్లకు రెండు పాళ్లు కూడా ఉండదు. ఆదామునుంచి ఇప్పటివరకు ప్రతి మనిషీ ఊపిరిలో పీల్చిందే, ఎవరికీ తెలియలేదు. గాజు గొట్టంలో నింపి కరెంటు పంపేసరికి ఎర్రగా మండినట్టు వెలిగింది. దానికి పేరేం పెట్టాలని రామ్సే అనుకుంటుంటే, కొడుకు 'కొత్తది' అనే అర్థంలో ఒక లాటిన్ మాట చెప్పాడట. తండ్రి దాన్ని గ్రీకులోకి మార్చి నియాన్ అన్నాడు. లూకా సువార్తలో కొత్త ద్రాక్షారసం గురించి ప్రభువు చెప్పినచోట గ్రీకులో ఉన్న 'కొత్త' అనే మాట కూడా ఈ కుటుంబంలోదే. కొత్తది అని పేరు పెట్టుకున్న వస్తువు ఇప్పుడు పాత సామాన్ల మ్యూజియంలో ఉంది.

1910 డిసెంబరులో పారిస్‌లో కార్ల ప్రదర్శన జరిగినప్పుడు జార్జ్ క్లాడ్ అనే ఫ్రెంచి ఆయన పొడవాటి నియాన్ గొట్టాలను వెలిగించి లోకానికి చూపించాడు. ఊళ్లను రాత్రిపూట వెలిగించిన ఆ మనిషి, ముసలితనంలో హిట్లర్ పక్షం చేరి, 1945లో తన దేశం చేతనే శిక్షపడి జైలుకెళ్లాడు. వెలుగు తయారుచేయడం వేరు, వెలుగులో నడవడం వేరు అని ఎప్పుడో ఒక ఆదివారం దీని మీద మాట్లాడతాను.

అచ్చమైన నియాన్ ఎరుపు మాత్రమే ఇస్తుంది. నీలం, పచ్చ లాంటివి ఆర్గాన్, పాదరసం, గాజు లోపలి పూతలు కలిసి చేసే పని. మన శిలువ ఎరుపు, రంగులేని గాజులో. గొట్టాన్ని మంట మీద తిప్పుతూ, మెత్తబడగానే చేత్తో వంచుతారు. వంగినచోట నొక్కుకుపోకుండా రబ్బరు గొట్టంతో నోటితో లోపలికి ఊదుతూ ఉంటారు. రాజమండ్రిలో నేనది కళ్లారా చూశాను. మనిషి ఊపిరితో ఆకారం తెచ్చుకున్న గాజు అది. ఏ యంత్రమూ దాన్ని సరిగ్గా చేయలేదు, ఇప్పటికీ.

మళ్లీ లాస్ వేగాస్‌కి వద్దాం. మీలో కొందరు అడగబోయేది నాకు తెలుసు. జూదశాలల బోర్డుల్ని దాచితే దేవునికేం మహిమ అయ్యగారూ అని. నేనూ అదే అనుకున్నాను, మౌలిన్ రూజ్ అనే ఒక బోర్డు కథ చదివేవరకు. ఆ రోజుల్లో ఆ ఊళ్లోని పెద్ద హోటళ్లు నల్లజాతి గాయకుల్ని పిలిచి సాయంత్రం పాడించుకునేవి. పాట అయిపోయాక మాత్రం ఆ హోటల్లో వాళ్లకు గది ఇచ్చేవారు కాదు. ఊరి చివర వాళ్ల పేటకు వెళ్లి పడుకోవాలి. 1955లో మౌలిన్ రూజ్ అనే హోటలు తెరిచి, తెల్లవారూ నల్లవారూ ఎవరైనా రావచ్చు, కూర్చోవచ్చు, ఉండవచ్చు అన్నారు. ఆ ఊళ్లో అలాంటిది అదే మొదలు. ఏడాది తిరక్కుండానే మూతపడింది. భవనం తర్వాత కాలిపోయింది. మిగిలింది బెట్టీ విల్లిస్ అనే స్త్రీ గీసిన ఆ పేరు బోర్డు. మ్యూజియంవాళ్లు దాన్ని బాగుచేసి 2020లో మళ్లీ వెలిగించారు.

సాయంత్రం పాట కావాలి, రాత్రి మనిషి వద్దు. ఈ సంగతి మన పేటలవాళ్లకు నేను విడమర్చి చెప్పక్కర్లేదు. పెళ్లికి డప్పు కావాలి, పంక్తిలో మనిషి వద్దు. మా తాతగారి నోట విన్నాను. ఆ మ్యూజియం లోపలికి వెళ్లే గది ఒకప్పటి లా కొంచా మోటెల్ తాలూకు ముందు గది. గవ్వ ఆకారంలో ఉంటుంది. దాన్ని గీసినవాడు పాల్ విలియమ్స్ అనే నల్లజాతి ఆర్కిటెక్టు. తెల్లవాళ్లు తన పక్కన కూర్చోవడానికి ఇష్టపడరని, బల్లకు అవతల కూర్చున్నవారికి సూటిగా కనపడేలా బొమ్మను తలకిందులుగా గీయడం నేర్చుకున్నాడట. అలాంటి మనిషి కట్టిన గదిని పడగొట్టబోతుంటే, ముక్కలుగా కోసి తెచ్చి ఇక్కడ మళ్లీ అతికించారు.

పాపపు ఊరి బోర్డుల్లో కూడా సాక్ష్యం ఉంటుంది. ఇది నేను కల్పించిన మాట కాదు. సంఖ్యాకాండము పదహారో అధ్యాయం తీసి చూడండి. కోరహుతో కలిసి తిరుగుబాటు చేసిన రెండు వందల యాభైమంది చనిపోయారు, వాళ్ల చేతుల్లోని ఇత్తడి ధూపార్తులు మిగిలాయి. వాటిని పారేయమనలేదు దేవుడు. రేకులుగా కొట్టించి బలిపీఠానికి తొడిగించాడు, చూసినప్పుడల్లా ఇశ్రాయేలీయులకు గుర్తుండాలని.

ఇప్పుడు మన పెద్దల్లో ఒకరు చెప్పిన ఎదురుమాట. ఆయన నెహుష్టాను గుర్తుచేశారు. మోషే చేసిన ఇత్తడి సర్పం, దేవుడు చెప్పగా చేసిందే, జనాన్ని బతికించిందే. వందల ఏళ్లు దాచుకున్నారు. చివరికి దానికి ధూపం వేయడం మొదలుపెట్టారు. హిజ్కియా దాన్ని ముక్కలు చేశాడు, అది మంచి పని అనే లేఖనం చెబుతోంది. "పాత శిలువకు అద్దాల పెట్టె చేయిస్తే రేపు దానికి దండ వేస్తారు, ఎల్లుండి కొవ్వొత్తి పెడతారు" అన్నారాయన. ఈ మాటను నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. మన జనం సంగతి నాకు తెలుసు. ఒకసారి బాప్తిస్మపు తొట్టి నీళ్లు సీసాలో పట్టుకెళుతున్న ఆమెను నేనే ఆపాల్సి వచ్చింది.

అయితే అదే లేఖనంలో యొర్దాను నడిమధ్య నుంచి తీసిన పన్నెండు రాళ్లు కూడా ఉన్నాయి. వాటిని ఎందుకు నిలబెట్టించాడు? పిల్లలు ఈ రాళ్లేమిటి అని అడగాలని. అడిగితే పెద్దవాళ్లు చెప్పాలని. మన్నా సంగతి ఇంకా చిత్రం. రేపటికని దాచుకున్నవాళ్ల మన్నా పురుగు పట్టి కంపు కొట్టింది. దేవుడు దాచమన్న ఒక్క పాత్రలోది మాత్రం తరతరాలకు నిలిచింది. వస్తువు ఒకటే. పొట్టకోసం దాచింది కుళ్లింది, పిల్లలకు చూపించడానికి దాచింది నిలిచింది. సర్పానికీ రాళ్లకూ తేడా నాకు ఇక్కడే కనపడుతోంది. సర్పం దగ్గర జనం కథ చెప్పడం మానేసి ధూపం వేశారు. కథ చెప్పేవాళ్లు ఉన్నంతకాలం రాయి రాయిగానే ఉంటుంది.

మన శిలువకు ధూపం వేసే ప్రమాదం ఇప్పట్లో లేదు. మనకున్న జబ్బు వేరు, కథ చెప్పకపోవడం.

మన జిల్లాలనే చూడండి. ధవళేశ్వరంలో కాటన్ దొరగారి మ్యూజియం ఉంది, సండేస్కూలు పిల్లల్ని తీసుకెళ్లాం. 1852 నాటికి పూర్తయిన ఆనకట్ట కథ అక్కడ ఉంది, ఆయన బొమ్మ ఉంది. రాజమండ్రి దగ్గర 1900 నాటి హేవలాక్ వంతెన రైళ్లు ఆగిపోయిన 1997 నుంచి అలాగే ఏటిలో నిలబడి ఉంది. దాని మీద ఏదో కడతాం, ఏదో చేస్తామని ఎన్నాళ్లనుంచో వింటున్నాం. పెద్దవాళ్ల పనులు ఏదో విధంగా మిగులుతాయి. ఆ ఆనకట్టకు రాళ్లు మోసినవాళ్ల పేర్లు మాత్రం మనకెవరికీ రావు. 1836లో మన డెల్టాకు వచ్చిన బౌడెన్, బీర్ దొరల పేర్లు బైబిలు పాఠశాలలో మాతో వల్లె వేయించారు. మంచిదే. వాళ్లను పడవల్లో లంక లంకకు తిప్పినవారి పేర్లు ఏ పుస్తకంలోనూ నాకు కనపడలేదు. వాళ్లు మనవాళ్లు కదా. కువైట్ తల్లిది కూడా అదే వరస. ఆమె పేరు వద్దంది, అది ఆమె వినయం. ఆమె మనవడికి కూడా తెలియకుండా చేశాం, అది మన నిర్లక్ష్యం. ఈ రెండింటినీ ఒకటిగా చూడకండి.

ఇంకో సంగతి చెప్పి నా అభిప్రాయానికి వస్తాను. ఆ మ్యూజియంలో బోర్డులన్నీ వెలగవు. కొన్నింటిని బాగుచేసి, గొట్టాలు మళ్లీ చేయించి, గ్యాసు నింపి వెలిగించారు. వెలగని వాటికి ఒక ఉపాయం చేశారు. చీకట్లో ప్రొజెక్టర్లతో వాటిమీదికి కాంతి వేసి, సంగీతం పెట్టి, అవే వెలుగుతున్నట్టు చూపిస్తారు. చాలా బాగుంటుందని చూసినవాళ్లు అంటున్నారు. నేను కాదనను. కానీ చదువుతుంటే నాకు మనసులో గుచ్చుకుంది. యెహెజ్కేలు లోయలో ఎముకలకు నరాలొచ్చాయి, మాంసమొచ్చింది, చర్మం కప్పింది. చూపులకు మనుషులే. ఊపిరి మాత్రం లేదు. మన ఎల్ఈడీ బోర్డూ, కొత్త సౌండ్ బాక్సులూ, స్టేజీ లైట్లూ చూసినప్పుడు, బయటినుంచి వేసిన వెలుగులో మనం వెలుగుతున్నట్టు కనపడుతున్నామా అనిపిస్తుంది. ఈ మాట ముందు నాకు నేనే అనుకున్నాను, తర్వాతే మీకు రాస్తున్నాను.

ఎల్ఈడీ బోర్డు వద్దనడం లేదు. కరెంటు బిల్లు తగ్గింది, వేల వోల్టుల భయం లేదు. దక్షిణ కొరియాలో చర్చీల మీద ఎర్ర నియాన్ శిలువలు రాత్రిపూట ఊరంతా కనపడతాయట, వాళ్లు కూడా ఎల్ఈడీలోకి మారుతున్నారు. కాలం అలాంటిది. నా ఫిర్యాదు ఒక్కటే. పాత శిలువ గోపురం మీద ఏటివైపు కూడా కనపడేది. కొత్త బోర్డు రోడ్డువైపుకు బిగించాం, కార్లలో పోయేవాళ్లకు మందిరం పేరు కనపడాలని. మొన్న రేవులో ఒక పడవ సరంగు, మన మతం కాదు, నన్ను ఆపి అడిగాడు: "ఏమండీ పాస్టరుగారూ, మీ ఎర్రలైటు ఎప్పుడేస్తారండీ? మంచు పడితే దాన్ని చూసే రేవు పట్టేవాళ్లం." ఇన్నేళ్లూ ఆ లైటు ఎవరికి పని చేస్తోందో నాకే తెలియలేదు. ఏటి మీంచి కనపడాలని ఆ తల్లి ఎందుకు అడిగిందో అప్పుడు అర్థమైంది. ఆమె భర్త పడవ నడిపేవాడు.

కాబట్టి నా మాట ఇది. శిలువను తూకానికి వేయవద్దు. అద్దాల పెట్టే వద్దు. షెడ్డులో ఒక గోడ చాలు. దాని పక్కన కరెంటు రాకముందు రాత్రి కూటాలకు వాడిన పెట్రోమాక్స్ లైటు పెడదాం, అది మా ఇంటి అటక మీద ఉంది. తుఫానులో తడిసి ఆరబెట్టుకున్న పాత బాప్తిస్మపు రిజిస్టరు పెడదాం. మీ ఇళ్లల్లో పాత కంజరలు, చేత్తో రాసుకున్న పాటల పుస్తకాలు ఉంటే తెండి. ప్రతి వస్తువు పక్కన ఒక అట్టముక్క మీద అది ఎవరిదో, ఎందుకు వచ్చిందో రాద్దాం. వంట గిన్నెలకు మా వరండా ఇస్తాను, మా ఆవిడ ఒప్పుకుంది.

ఎల్ఈడీ వాళ్లను అడిగి ఏటివైపు కూడా ఒక ఎర్రలైటు పెట్టించడం వేరే ఖర్చు. దాని సంగతి కూటంలో మాట్లాడదాం.

మంగళవారం రాజమండ్రి వెళ్లి ఆ గాజు పనాయన్ని వెతికాను. దుకాణంలో ఇప్పుడు కొడుకు ఎల్ఈడీ అక్షరాలు చేస్తున్నాడు. పెద్దాయన గాజు పట్టుకుని చాలా ఏళ్లయిందట, చెయ్యి వణుకుతోంది. శిలువ సంగతి చెబితే గుర్తుపట్టాడు. "గొట్టం పగలకపోతే లోపల గ్యాసు ఎక్కడికీ పోదండి. పోయింది ట్రాన్స్‌ఫార్మరే అయ్యుంటుంది" అన్నాడు. నిలువు గొట్టాలు బాగానే ఉన్నాయి, అడ్డగొట్టం పగిలిందన్నాను. అయితే నిలువు వెలగొచ్చు, అడ్డం మాత్రం మళ్లీ చేయాలి, చేసేవాళ్లు లేరు అన్నాడు.

తిరిగొచ్చి ఆ కుర్రవాడిని పిలిచి నాయనమ్మ సంగతి చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "నిలువొక్కటే వెలిగితే అది శిలువ ఎలా అవుతుందండి అయ్యగారూ?" అన్నాడు. నాకు జవాబు తోచలేదు. అడ్డానికి ఎర్ర ఎల్ఈడీ పట్టీ అతికిద్దామా అని మళ్లీ తనే అడిగాడు. అదీ తోచలేదు.

పెద్దాయన శనివారం సాయంత్రం ఒక పాత ట్రాన్స్‌ఫార్మర్ పట్టుకుని వస్తానన్నారు. ఆరు గంటలకు షెడ్డు దగ్గరికి రండి. పిల్లల్ని దూరంగా కూర్చోబెట్టండి, కరెంటుతో పని. నాయనమ్మ ఫొటో ఎవరి దగ్గరైనా ఉంటే తెండి, వాళ్లింట్లో ఉన్నది వరదలో పోయిందట.